బరువెక్కిన వేగము: స్పోర్ట్స్ సెడాను భవితవ్యము

రెండవ ప్రపంచయుద్ధపు బాంబుదాడులలో దెబ్బతిన్న కర్మాగారమును తిరిగి నిలువబెట్టుకొని, జనసామాన్యమునకు చేరువ కాగల వాహనమును వెదకుచుండిన మిలాన్ నగరపు ఆల్ఫా రోమియో సంస్థ, 1950లో 1900 అను పేర ఒక కారును వెలువరించి, పందెములు గెలుచు కుటుంబవాహనమని దానిని లోకమునకు చాటినది. నాలుగు తలుపులు, వెనుక సామానులకు డిక్కీ, ఇంటిల్లిపాదియు సర్దుకొని కూర్చుండుటకు చోటు. చూచువారికి అది ఆదివారమునాడు చర్చికి పోవు గృహస్థుని బండి. తోలువాడు తెలిసినవాడైనచో అదే బండి కొండదారిమీద పేరుమోసిన పందెపుకార్లకు ఊపిరి సలుపనీయదు. గృహస్థధర్మమును, క్రీడాభిలాషను ఒకే ఉక్కుపెట్టెలో ఇముడ్చు ఈ విద్యకే పిమ్మట స్పోర్ట్స్ సెడాను అను పేరు స్థిరపడినది.

ఆ విద్య నేడు అంతరించుచున్నదా, రూపము మాత్రమే మార్చుకొనుచున్నదా యను ప్రశ్న వాహనప్రియుల నడుమ చాల కాలముగా నలుగుచున్నది. పెట్రోలు ఇంజనును విడిచి బ్యాటరీవైపు సంస్థలు మొగ్గుచున్నకొలది, ఒకనాడు ఇంటింట బొమ్మలుగా గోడలకెక్కిన కార్ల పేర్లు అమ్మకపు పట్టికలలోనుండి ఒక్కొక్కటిగా రాలిపోవుచున్నవి. దీనికంతకును విద్యుత్తే కారణమని ఒకరు, విద్యుత్తే దీనికి పునర్జన్మనిచ్చునని మరియొకరు వాదించుచున్నారు. ఇరువురి వాదములను కొంతకాలము శ్రద్ధతో పరిశీలించిన మీదట నాకు తోచినదేమనగా, ఈ జాతి కారుకు మొదటి దెబ్బ విద్యుత్తు రాకమునుపే మరియొక దిక్కునుండి తగిలినది. రెండవ దెబ్బ బరువు రూపమున నేడు తగులుచున్నది. ఆ బరువును దించగల సంస్థ ఏది యగునో దాని చేతిలోనే స్పోర్ట్స్ సెడాను ప్రాణము నిలిచియున్నది.

మాట నిలుకడగా సాగవలెనన్న, పూర్వకథను కొంత చెప్పుకొనక తప్పదు. 1959లో ఇంగ్లండున జాగ్వార్ సంస్థ వెలువరించిన మార్క్ 2 అను సెడాను, 3.8 లీటర్ల ఇంజనుతో గంటకు 200 కిలోమీటర్ల వేగము నందుకొని, దొంగలకును వారిని తరుము పోలీసులకును సమానముగా ప్రీతిపాత్రమైనదని ప్రసిద్ధి. అదే సంవత్సరము డిసెంబరులో, మ్యూనిక్ నగరమున అప్పులలో కూరుకొనిపోయిన బి.ఎం.డబ్ల్యూ. సంస్థ తన ప్రత్యర్థియగు డైమ్లర్-బెంజ్ వశమగుటకు సిద్ధమై యుండగా, వాటాదారుల సభలో చిన్న వాటాదారులు లేచి అడ్డుపడుటయు, హెర్బర్ట్ క్వాంట్ అను పారిశ్రామికుడు పారిపోవుటకు మారుగా తన ధనమును అందులోనే మరింత పెట్టుటకు నిశ్చయించుటయు జరిగెను. 1961లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనమున కనబడిన ‘నోయె క్లాసె’, అనగా నూతనశ్రేణి, ఆ నిశ్చయమునకు పుట్టిన బిడ్డ. ఆ వంశముననే 1968లో 2002 అను చిన్న సెడాను జన్మించినది. రెండు లీటర్ల ఇంజను, 100 అశ్వశక్తి, సుమారు 1,000 కిలోల బరువు. ఇంతకుమించి దానిలో దాచిన రహస్యమేదియు లేదు. అశ్వశక్తి యొక్కంటికి మోయవలసిన బరువు పదికిలోలు మాత్రమే యగుటచేత, ఆ బండి తొక్కినప్పుడు లేచినది, తిప్పినప్పుడు తిరిగినది, ఆపినప్పుడు ఆగినది. ఈ మూడు పనులను తోలువాని మనసెరిగి చేయు వాహనమును అంతకుముందు సామాన్య గృహస్థు ఎరుగడు.

1973లో ఆ 2002కే టర్బో అమర్చి వెలువరించునప్పటికి, చమురునకు కాటకము వచ్చి పెట్రోలుబంకులు మూతపడినవి. ముందున్న వాహనదారుని అద్దములో సరిగా చదువబడునట్లు ‘టర్బో’ అను అక్షరములను కుడియెడమలు తారుమారుగా వ్రాసిన ఆ బండిని చూచి జర్మనులు మండిపడిరి. 1,672 బండ్లతో దాని కథ ముగిసెను. స్పోర్ట్స్ సెడానుకు మరణఘంట మ్రోగినట్లే తోచినది. పదేండ్లు గడచునప్పటికి ఆ మరణవార్త అబద్ధమైనది. 1984 మే నెలలో న్యూర్‌బుర్గ్‌రింగ్‌నందు క్రొత్తగా నిర్మించిన పందెపుదారిని ప్రారంభించునప్పుడు, మెర్సిడెస్ సంస్థ తన 190ఇ 2.3-16 సెడానులను ఒకే తీరున సిద్ధము చేసి, నాటి మహామహులైన డ్రైవర్లకిచ్చి పందెము పెట్టగా, అప్పటికి ఇంకను పేరు గడింపవలసియున్న అయర్టన్ సెన్నా అను బ్రెజిల్ యువకుడు నికీ లౌడాను వెనుకబెట్టి గెలిచెను. మరుసటి యేడు బి.ఎం.డబ్ల్యూ. తన ఎం1 అను పందెపుకారు వంశమునకు చెందిన 286 అశ్వశక్తి ఇంజనును గుంభనముగా ఒక మధ్యతరగతి సెడానులో దాచి, దానికి ఎం5 అని పేరు పెట్టినది. 1986 నాటి ఎం3 పుట్టుక ఇంకను విచిత్రము: పందెములలో దిగదలచిన కారును కనీసము 5,000 సంఖ్యలో నిర్మింపవలెనని నిబంధన యుండుటచేత, పందెమునకై పుట్టిన బండి వీధిలోనికి వచ్చినదే గాని, వీధిబండి పందెమునకు పోలేదు. నాటి ఎం3 బరువు 1,200 కిలోలు. ఈ సంఖ్యను పాఠకుడు గుర్తుంచుకొనవలెనని నా ప్రార్థన.

ఆ యుగపు పరాకాష్ఠను ఒక్క యుదాహరణముతో చెప్పి ముందుకు సాగెదను. 1990లో లోటస్ సంస్థ చేయివేసి తీర్చిన కార్ల్‌టన్ అను సెడాను గంటకు 280 కిలోమీటర్లకు మించి పోగలిగెను; ఇంతటి వేగము ఇంటికారుకేలయని ఇంగ్లండున పత్రికలు గగ్గోలు పెట్టెను. 1993లో ఆ కారునొకదానిని దొంగలు అపహరించి, మధ్య ఇంగ్లండులో దుకాణములను కొల్లగొట్టుటకు వాడుకొనగా, పోలీసుబండ్లు దానిని వెన్నంటలేక చేతులెత్తివేసినవి.

ఇట్టి వైభవము క్షీణించుటకు కారణమేమి? విద్యుత్తును దోషిగా నిలబెట్టుటకు ముందు తేదీలను సరిచూచుట న్యాయము. ఆస్ట్రేలియా దేశపు ఫోర్డ్ ఫాల్కన్ 2016 అక్టోబరు 7న, హోల్డెన్ కమొడోర్ 2017 అక్టోబరు 20న తుదిసారి కర్మాగారము వెడలినవి. ర్యాలీపందెముల ధూళిలో పుట్టి, 1992నుండి యువకులకు ఆరాధ్యమైన మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ అంతకు కొంచెము ముందే కన్నుమూసెను. 2018 ఏప్రిలులో అమెరికాలోని ఫోర్డ్ సంస్థ ముస్టాంగ్‌ను నిలుపుకొని, సెడానులను దాదాపుగా విడిచివేయుచున్నట్లు ప్రకటించెను. ఆ దినములలో ఆ దేశముల వీధులలో బ్యాటరీకారు అపురూపమైన వస్తువు. సెడానును చంపినది ఎత్తుబండి. అందరును ఎస్‌యూవీ యని పిలుచుకొను బండి. ఎక్కి దిగుటకు సుళువు, చూపునకు ఎత్తు, గుంతలదారికి ధైర్యము, ఇరుగుపొరుగులో ఒక దర్జా. వీటికోసము జనము డిక్కీకారును విడిచి దానివైపు తరలిపోయిరి. మన పెనుకొండవద్ద 2019లో ఉత్పత్తి ప్రారంభించిన కియా కర్మాగారమును చూచినను ఇదే సాక్ష్యము లభించును: అక్కడ మొదట తయారైన సెల్టోస్ మొదలు నేటివరకు పేరుపొందినవన్నియు ఎత్తుబండ్లును, ఏడుగురెక్కు కుటుంబబండ్లునే; అదే సంస్థ పరదేశములలో స్టింగర్ అను చక్కని క్రీడావాహనమును 2017లో వెలువరించి, ఆరేండ్లలో గిరాకీ లేక నిలిపివేసినది. సామాన్యసెడాను అమ్ముడుపోవుచున్నంతకాలము దాని చట్రముమీద కొద్దిమందికై స్పోర్ట్స్ సెడానును నిర్మించుట సంస్థలకు గిట్టుబాటయ్యెను. చెట్టే ఎండినపుడు కొమ్మకు చివురెక్కడిది?

పిమ్మట శాసనము వచ్చినది. ఐరోపాలో ఒక సంస్థ అమ్ము కార్లన్నియు సగటున కిలోమీటరుకు 95 గ్రాములకు మించి బొగ్గుపులుసు వాయువును వదలరాదని, మించిన ప్రతి గ్రామునకును అమ్మిన ప్రతి కారుకును 95 యూరోల జరిమానా చెల్లింపవలెనని 2020–21నుండి అమలైన నిబంధన, పెద్ద ఇంజనులను లెక్కలలోనే ఊపిరాడకుండ చేసినది. ఈ నిబంధన ఉద్దేశము మంచిదని నేను మనఃపూర్వకముగా అంగీకరింతును. నగరములలో ఊపిరి పీల్చు పసిబిడ్డకంటె ఎనిమిది సిలిండర్ల ఇంజను ముఖ్యమని వాదించుట నాచేత కాదు. కాని లెక్క కట్టు విధానమునందొక చిక్కు కలదు. ఇంటివద్ద చార్జి చేసికొని కొన్ని కిలోమీటర్లు విద్యుత్తుతోనే పోగల హైబ్రిడ్ కారుకు, కాగితముమీద చమురు ఖర్చు అత్యల్పముగా కనబడును. యజమాని దానిని చార్జి చేసినను చేయకున్నను ఆ కాగితము మారదు. ఈ కాగితపు మేలును పొందుటకై సంస్థలు తమ మేలైన సెడానులలో ఇంజనుతోపాటు బ్యాటరీని, మోటారును కూడ పెట్టిరి. అనగా రెండు హృదయముల ప్రాణిని సృష్టించిరి. రెండింటి బరువును ఒకే శరీరము మోయవలసి వచ్చినది.

మెర్సిడెస్ సి63 కథ ఇందుకు తగిన నిదర్శనము. 2007లో వెలువడిన ఆ సెడానులో 6.2 లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజను, టర్బో సాయమైనను లేక, ఉరుముచు పరుగెత్తెడిది. దానిని కొన్నవారు ఆ ఇంజనునే కొని, చుట్టునున్న కారును ఉచితముగా పొందినట్లు భావించిరి. 2022లో వచ్చిన క్రొత్త సి63లో ఆ స్థానమున రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజనును, వెనుక ఇరుసున ఒక మోటారును అమర్చి, మొత్తము 680 అశ్వశక్తి సాధించిరి. సంఖ్యలో పాతదానికంటె ఎంతయో ఘనము; బరువు 2,100 కిలోలు దాటెను; కొనువారు మొగము చాటువేసిరి. 2024 నాటి ఎం5 ఎనిమిది సిలిండర్లను విడువలేదు గాని, మోటారునకును బ్యాటరీకిని చోటిచ్చి 2,435 కిలోలకు పెరిగినది. దాని ముందటి తరముకంటె దాదాపు 500 కిలోలు అధికము. 727 అశ్వశక్తి యుండియు, సున్నానుండి నూరు కిలోమీటర్ల వేగమందుకొనుటకు ముందటి ఎం5 కాంపిటీషన్ కంటె ఇది లిప్తకాలమైనను ఎక్కువ తీసికొనుచున్నదని సంస్థవారి లెక్కలే చెప్పుచున్నవి. 1985 నాటి మొదటి ఎం5 బరువు సుమారు 1,430 కిలోలు. నలుబదియేండ్లలో ఒక కారు తనవంటి మరియొక కారులో పదింట ఏడువంతులను వీపున వేసికొని పరుగెత్తవలసిన స్థితికి వచ్చినదన్నమాట. ఈ యవస్థను చూచినపుడు నాకు కలుగు వ్యథ, ఎదిగిన కుమారుడు ఊబకాయుడై మెట్లెక్కలేక రొప్పుచుండగా చూచు తండ్రి వ్యథవంటిది.

ఇక శుద్ధవిద్యుత్ సెడానుల మాట. 2012లో టెస్లా మోడల్ ఎస్ వచ్చినపుడు లోకమునకు మొదట తెలిసిన సంగతి ఏమనగా, మోటారునకు నిలుకడనుండియే పూర్తిబలము కలదు. గేరు మార్చవలసిన పనిలేదు, ఇంజను పుంజుకొనువరకు వేచియుండనక్కరలేదు. మనవాళ్లు పికప్ అని పిలుచు ఆ గుణము అందులో పుట్టుకతోనే యున్నది. 2021లో దాని ప్లెయిడ్ రూపము 1,020 అశ్వశక్తితో వచ్చి, గంటకు 96 కిలోమీటర్ల వేగమును రెండు సెకన్లకు లోపలనే అందుకొందునని సవాలు చేసెను. అంతకు ముందెన్నడును కారు తయారుచేసి యెరుగక, ఫోనులు చేసి అమ్ముకొనుచుండిన చైనాలోని షావోమీ సంస్థ, 2024లో ఎస్‌యూ7 అను సెడానును, పిమ్మట దానికే 1,548 అశ్వశక్తిగల అల్ట్రా రూపమును వెలువరించి, 2025లో న్యూర్‌బుర్గ్‌రింగ్ ఉత్తరవలయపు 20.8 కిలోమీటర్లను ఏడు నిమిషముల అయిదు సెకన్లలోపల చుట్టివచ్చినది. వెలువడినపుడు దాని వెల 5,29,900 యువాన్లు. బవేరియా, స్టుట్‌గార్ట్ ప్రాంతముల పనివారు మూడుతరములు చెమటోడ్చి కూడబెట్టిన వేగమును ఒక నూతనసంస్థ కొద్దియేండ్లలో అంగడిసరకుగా చేసినది. ఇందులో చైనావారి ప్రతిభను తక్కువ చేయరాదు. కాని వేగము సులభమైనపుడు దాని విలువ తగ్గుట లోకసహజము. అందరి చేతను బంగారు కడియములున్న ఊరిలో బంగారమునకు మన్నన ఎవరు చేయుదురు? అశ్వశక్తిని లెక్కించి ఆనందించు కాలము ముగిసినదని చెప్పుటకు నాకు సంకోచము లేదు.

మరి బ్యాటరీకి గల లోపమేమి? ఒక కిలో పెట్రోలులో ఇమిడియున్న శక్తి, ఒక కిలో బ్యాటరీలో నిలువచేయగలదానికంటె అనేకరెట్లు అధికము; మోటారు ఇంజనుకంటె పొదుపుగా శక్తిని వాడుకొనినను ఆ లోటు పూర్తిగా పూడదు. 2019లో వచ్చిన పోర్షే టైకాన్ పెద్దబ్యాటరీ, 93 కిలోవాట్-గంటలది, తానొక్కటే 630 కిలోలు తూగును. పైగా పెట్రోలు ఖర్చయినకొలది బండి తేలికపడును. బ్యాటరీ నిండుగానున్నను ఖాళీయైనను ఒకే బరువు. ఈ పలకను నేలక్రింద పరచుటవలన గురుత్వకేంద్రము క్రిందికి దిగి బండి మలుపులలో ఒరగదు. అది నిజమైన మేలు. కాని ఆ పలకమందమంత నేల పైకి లేచును, నేలతో ఆసనము, ఆసనముతో కప్పు లేచును. నేలనంటి కూర్చుండుటయే సొగసైన సెడాను మోకాళ్లమీద కూర్చున్న మనిషివలె అగుపించును. మరియొకవైపు విద్యుత్తే సెడానును కాపాడు కారణమొకటి కలదు, అది గాలి. గాలి యొత్తిడి వేగముయొక్క వర్గమునుబట్టి పెరుగును గనుక, దూరప్రయాణమున బ్యాటరీ త్వరగా హరించుకుపోకుండుటకు పొట్టిగా, సన్నగా, వెనుకకు వాలిన దేహము కావలెను. హ్యుందాయ్ ఐయానిక్ 6 గాలినిరోధకగుణకము 0.21, ఎత్తుబండ్లలో ఈ సంఖ్య సాధారణముగా 0.30 చుట్టుప్రక్కల నుండును. సెడానును ఎత్తుబండి చంపినదనుకొన్నాము గదా; ఆ చచ్చినదానికి గాలి తిరిగి ఊపిరిపోయవచ్చును.

ఇంతవరకు సంఖ్యలతో చెప్పినదానిని చేతులతో తెలిసికొను భాగ్యము నాకొకసారి లభించినది. మ్యూనిక్‌లో వాహనభాగముల సంస్థలో పనిచేయు మా మేనల్లుడు 1989 నాటి బి.ఎం.డబ్ల్యూ. 320ఐ సెడానునొకదానిని, తుప్పు గోకి, రంగు వేసి, పెంపుడుబిడ్డవలె చూచుకొనుచున్నాడు; ఆఫీసువారిచ్చిన క్రొత్త విద్యుత్ సెడాను కూడ అతని వాకిటనే యుండును. నేను వెళ్లినపుడు వరుసగా రెండు శనివారములు ఆ రెండు బండ్లలోను, కొఖెల్ సరస్సునుండి వాల్ఖెన్ సరస్సునకెక్కు కెస్సెల్‌బెర్గ్ కొండదారిమీద నన్ను తీసికొనిపోయెను. 1905 మొదలు 1935 వరకు ఆ దారిమీద కొండయెక్కు పందెములు జరిగెడివి. ఆ కొండప్రక్కనే, పై సరస్సునీరు 200 మీటర్ల లోతునకు ఆరు లావుపాటి గొట్టములలో దూకి విద్యుత్తును పుట్టించు కేంద్రము 1924నుండి నడచుచున్నది. పెట్రోలు పందెములాడిన కొండయు, విద్యుత్తు పుట్టు కొండయు ఒక్కటే యగుట నన్నాశ్చర్యపరచినది.

మొదటివారము విద్యుత్ కారు. తొక్కగానే వీపు ఆసనమునకంటుకొనెను. మలుపు వచ్చినది, పోయినది. చప్పుడు లేదు, కుదుపు లేదు. లిఫ్టులో పై అంతస్తునకు చేరినట్లు పైకి చేరితిమి. రెండవవారము పాతబండి. మొదటి మలుపునకు ముందు మేనల్లుడు బ్రేకుమీద కాలివేళ్లు నొక్కియుంచి, మడమతోనే యాక్సిలరేటరును తట్టి, గేరు దించెను. ఆరు సిలిండర్ల గొంతు ఒక్క స్వరము పైకి లేచినది. స్టీరింగు అతని అరచేతులలో సన్నగా వణకుచు, ముందుచక్రము క్రిందనున్న ఎండుటాకులను, తడిని, రాతిపొడిని ఒక్కొక్కటిగా చెప్పుచున్నట్లు కనబడెను. మీటరు చూచితిని, గంటకు అరువది దాటలేదు. “మీటరు చూడకండి మామయ్యా, నా చేతులు చూడండి” అన్నాడు వాడు. పైకెక్కి సరస్సు ఒడ్డున నిలిపినప్పుడు వాని చొక్కా వీపున తడిసియున్నది. “దీన్ని తోలితే భుజాలు లాగేస్తాయి. దాంట్లో వస్తే ఏమీ తెలీదు. కానీ ఆదివారం పొద్దున్నే నేను తాళాలు తీసేది దీనివే” అని చెప్పి, బానెట్‌మీద చేయివేసి వేడి చూచెను. శ్రమపడిన చేతికే కారు చెప్పుచేతలలోనున్నదను తృప్తి దక్కుననియు, ఆ తృప్తిని సులభము చేయబోయి చెరిపివేయుట సాధ్యమనియు నేనానాడు తెలిసికొంటిని.

ఈ రహస్యము సంస్థలకు తెలియదనుకొనుట పొరపాటు. బి.ఎం.డబ్ల్యూ.లో ఎం3, ఎం5 వంటి బండ్లను తీర్చు ఎం విభాగమున అనేకవత్సరములు పనిచేసి, 2015లో హ్యుందాయ్‌లో చేరిన ఆల్బర్ట్ బీర్మన్ అను ఇంజనీరు ఆ కొరియా సంస్థకు కొండదారి మర్మము నేర్పెను. ఆయన వేసిన బాటలోనే 2023లో ఐయానిక్ 5 ఎన్, 2025లో దాని సెడాను రూపమగు ఐయానిక్ 6 ఎన్ వెలువడినవి. వీనిలో గేర్లు లేవు. అయినను మీట నొక్కినచో ఎనిమిది గేర్లున్నట్లే మోటారుబలము క్షణకాలము తెగి, కుదుపిచ్చి, మరల అందుకొనును. స్పీకర్లనుండి ఇంజనుధ్వని వినబడును. కొందరు దీనిని బూటకమని ఈసడించిరి. మొదట నేనును అట్లే తలచితిని. పిమ్మట ఆలోచింపగా, ఆ కృత్రిమపు గేరు తోలువానికొక పనిని, ఒక తాళమును ఇచ్చుచున్నది. వేగము ఎంత పెరిగినదో, మలుపు ఎంత దగ్గరైనదో కన్ను మీటరువైపు మరలకుండ చెవికి చెప్పుచున్నది. హార్మోనియము గొంతును అనుకరించుచున్నదని పద్యము పాడు నటుడు దానిని కాదనలేదు గదా. పాటకు అది ఆసరా యయ్యెను. అమెరికాలో డాడ్జ్ చార్జర్ 2024 నాటి విద్యుత్ రూపమునకు అమర్చిన కృత్రిమ సైలెన్సర్ ధ్వనిని మాత్రము నేను సమర్థింపలేను. తోలువానికి ఏమియు తెలుపక, వీధిలోనివారిని బెదరించుటకే పుట్టిన చప్పుడది. కొనువారును దానిని ఆదరింపలేదు; అదే శరీరములో ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజనుగల రూపమును కూడ ఆ సంస్థ వెలువరించెను.

ధ్వని లేకున్నను క్రీడ యుండునా యను శంకకు మన హైదరాబాదే ఒకసారి సమాధానమిచ్చినది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర తీరమున ఫార్ములా ఇ అను విద్యుత్ కార్ల పందెము జరిగినపుడు, ఈలవంటి సన్ననిధ్వనితో, టైర్ల కీచుతో ఆ బండ్లు గోడలను రాచుకొనుచు పోవుచుండగా జనము ఊపిరి బిగబట్టి చూచిరి. జీన్-ఎరిక్ వెర్న్ అను డ్రైవరు గెలిచెను. ఆ బండ్లు డ్రైవరుతో కలిపియు టన్నునకు లోపే తూగును. ముప్పావుగంట పందెమునకు చాలినంత బ్యాటరీ మాత్రమే మోయుచున్నవి గనుక ఆ చురుకుదనము. మరుసటి యేడు జరుగవలసిన పందెము రద్దయినది; నగరమున అట్టిది మరల జరుగవలెనని నా కోరిక.

ఇక నేటి అనిశ్చితికి వత్తము. 2035నుండి ఐరోపాలో పొగగొట్టముగల క్రొత్తకారు అమ్మరాదని 2023లో శాసనము చేసిరి. 2025 డిసెంబరులో ఐరోపా కమిషనే దానిని సడలింపదలచి, నూటికి తొంబదిపాళ్లు తగ్గించిన చాలునని ప్రతిపాదించెను. అమెరికాలో విద్యుత్ కారు కొనువారికిచ్చుచుండిన 7,500 డాలర్ల పన్నురాయితీ 2025 సెప్టెంబరుతో ముగిసెను. టైకాన్ అమ్మకములు 2024లో సగమునకు పడిపోయిన పిమ్మట, పోర్షే తన ప్రణాళికలను తిరుగవ్రాసి ఇంజను ఆయుస్సును పొడిగించినది. రానున్న తన జూలియా అను సెడానును శుద్ధవిద్యుత్ కారుగా చేయదలచిన ఆల్ఫా రోమియో కూడ వెనుదిరిగి ఆలోచనలో పడినది. చైనాలోనో, 2024 వేసవినుండి కొన్ని నెలలలో క్రొత్తకార్లలో సగముకంటె ఎక్కువ విద్యుత్తువో హైబ్రిడ్‌వో అగుచున్నవి. ఇట్లు తూర్పు ఒకవైపునకు, పడమర మరియొకవైపునకు లాగుచుండగా, ఏడెనిమిదేండ్లు ముందుగా కారును రూపొందింపవలసిన ఇంజనీరు ఏ శాసనమును నమ్మి గీతలు గీయవలెను? ఈ దశలో బి.ఎం.డబ్ల్యూ. ఎంచుకొన్న మార్గము నాకు వివేకవంతముగా తోచుచున్నది: ఎం3ను పెట్రోలుతో కొనసాగించుచునే, ప్రక్కన 2027నుండి నాలుగు చక్రములకు నాలుగు మోటార్లుగల విద్యుత్ ఎం3ను తెచ్చెదమని చెప్పినది. ప్రతిచక్రమును విడివిడిగా శాసింపగల ఆ బండి మలుపులలో ఇంజనుబండికి సాధ్యముకాని పనులను చేయగలదని నమ్ముటకు కారణము కలదు. దాని బరువెంతయని మాత్రమే నా ప్రశ్న.

పెద్దధరల బండ్లను గూర్చియే మాటలాడుచున్నామని పాఠకుడు విసుగుకొనవచ్చును. ఆ విసుగు న్యాయమే. బి.ఎం.డబ్ల్యూ. 2002 గొప్పతనములో సగము దానిని బడిపంతులును కొనగలుగుట. నేడు ఆ ధర్మమును నిలుపుచున్నవి అమెరికాలో హోండా సివిక్ ఎస్ఐ, హ్యుందాయ్ ఎలాంట్రా ఎన్ వంటి చిన్న సెడానులు. రెండింటను క్లచ్ తొక్కి గేరు వేయు భాగ్యము ఇంకను మిగిలియున్నది. మనదేశమున 150 అశ్వశక్తి వోక్స్‌వాగన్ వర్టస్ జీటీ ఆ కోవకు దగ్గరిది. 2025 అక్టోబరులో స్కోడా ఆక్టావియా ఆర్ఎస్‌ను వందమాత్రమే దిగుమతి చేయగా, దాదాపు 50 లక్షల వెల యైనను వందయు చూచుచుండగానే చెల్లిపోయినవి. అభిలాష చావలేదనుటకు ఇది సాక్ష్యము. కాని ఒక దేశము మొత్తమునకు వంద బండ్లను చూచి పరిశ్రమ నిలుచునని ఎవరును అనలేరు. అందుబాటు ధరలో, తేలికగా, చిన్నబ్యాటరీతో, ఇంటినుండి కొండవరకు పోయి రాగల విద్యుత్ స్పోర్ట్స్ సెడాను ఇంతవరకు ఏ పెద్దసంస్థయు చేయ సాహసింపలేదు. ఒక్కసారి చార్జి చేసినచో 600 కిలోమీటర్లు పోవలెనని అడుగు మనమే ఆ బరువును కోరి తెచ్చుకొనుచున్నాము. దినమునకు నలుబది కిలోమీటర్లు తిరుగువానికి ఆరువందల కిలోమీటర్ల బ్యాటరీ, రోజూ పెండ్లివిందునకు సరిపడు వంటపాత్రలను నెత్తిన పెట్టుకొని తిరుగుటవంటిది. కారు కొనబోవు యువకులు అంగడిలో మొదట అశ్వశక్తిని, పిమ్మట చార్జికి దూరమును అడుగుట మాని, బరువెంతయని అడుగుట మొదలుపెట్టవలెనని నా విన్నపము. కొనువాడు అడిగినదానినే చేయువాడు చేయును.

ప్రస్తుతమునకు మాత్రము, ఈ వ్యాసమున పేర్కొన్న విద్యుత్ సెడానులలో 1,800 కిలోలకు తగ్గి తూగునది ఒక్కటియు లేదు.